చిగురాకు గండం

మీ బడి ఆవరణలో కానుగ చెట్టు ఉందా? అది లేకపోతే మామిడో, బాదమో, ఏదో ఒక చెట్టు ఉండకపోదు. దాని కింది కొమ్మ ఒకటి వంచి ఇరవై ముదురాకులను పరీక్షగా చూడండి. ఒక ఆకుకు అంచు కొరికేసి ఉంటుంది. ఇంకొక దానికి నడుమ గుండ్రని చిల్లి ఉంటుంది. మరొక దాని మీద తెల్లని వంకరటింకర గీతలు కనిపిస్తాయి. ఆకు పై పొరకూ కింది పొరకూ మధ్య సొరంగం తవ్వుకుంటూ పోయిన ఒక బుల్లి పురుగు నడిచిన దారి అది. ఇరవైలో మచ్చలేని ఆకులు ఎన్ని దొరికాయో లెక్కపెట్టండి.

ఇప్పుడు నాలుగడుగులు వెనక్కి వచ్చి చెట్టు మొత్తాన్ని చూడండి. పచ్చగా కళకళలాడుతూ ఉంది గదా! దగ్గరగా చూస్తే ప్రతి ఆకూ గాయపడినదే. దూరంగా చూస్తే చెట్టుకేమీ లోటు లేదు. ఇదెలా సాధ్యం?

ఆలోచించండి. చెట్టుకు కాళ్లు లేవు, పారిపోలేదు. మిడతలు, గొంగళి పురుగులు, పెంకు పురుగులు రాత్రనక పగలనక ఆకులు తింటూనే ఉంటాయి. వెచ్చగా తడిగా ఉండే ఉష్ణమండల అరణ్యంలోనైతే వాటికి చలికాలం సెలవు కూడా లేదు. అలాంటప్పుడు అడవి ఎప్పుడో మోడైపోవాలి. కాలేదు. పురుగులను పక్షులు, సాలీళ్లు, కందిరీగలు తినేస్తుంటాయి కాబట్టి అడవి పచ్చగా ఉందని 1960లో ముగ్గురు అమెరికన్ శాస్త్రజ్ఞులు వాదించారు. అది నిజమే, కాని సగం నిజం. మిగతా సగం ఆకులోనే ఉంది. మనం ఇప్పుడు ఆ సగం సంగతి చూద్దాం.

ఆకుకూ పురుగుకూ మధ్య జరిగే పోరును ఊహలతో సరిపెట్టుకోకుండా కొలతలతో తేల్చిన చోటు ఒకటుంది. అట్లాసు తీసి ఉత్తర, దక్షిణ అమెరికాలను కలిపే సన్నని నేలను చూడండి. అక్కడ పనామా దేశం ఉంది. పనామా కాలువ తవ్వేటప్పుడు చాగ్రెస్ నదికి అడ్డంగా ఆనకట్ట కట్టారు. నీరు నిండి పెద్ద సరస్సయింది. చుట్టూ ఉన్న పల్లం మునిగిపోగా, అడవితో సహా ఒక కొండ మాత్రం తేలి దీవిగా మిగిలింది. దాని పేరు బారో కొలరాడో. వైశాల్యం సుమారు 15 చదరపు కిలోమీటర్లు. 1923 నుంచి దాన్ని పరిశోధనల కోసం కాపాడుతూ వస్తున్నారు. ఉష్ణమండల అడవులను గురించి మనకు తెలిసినదానిలో ఎంతో భాగం ఈ చిన్న దీవి చెప్పినదే.

ఫిలిస్ కోలీ అనే శాస్త్రజ్ఞురాలు ఈ దీవిలో 46 జాతుల చెట్ల మొక్కలను ఎంచుకొన్నారు. ఆకులకు గుర్తులు పెట్టి, ఏ ఆకులో ఎంత భాగం పురుగుల పాలవుతున్నదో వానకాలంలోనూ ఎండకాలంలోనూ కొలిచారు. ఈ గుర్తులు పెట్టడం చిన్న విషయం కాదు సుమా! చెట్టుకు వేలాడుతున్న ఆకులను మాత్రమే చూసి చిల్లులు లెక్కపెట్టామనుకోండి. తొడిమ వరకూ తినేసిన ఆకు అక్కడ ఉండదు గనుక మన లెక్కలోకి రాదు. యుద్ధం ముగిశాక బతికి ఉన్న సైనికుల గాయాలు మాత్రమే లెక్కపెట్టి ‘నష్టం ఇంతే’ అన్నట్టుంటుంది. ముందే గుర్తు పెట్టిన ఆకు మాయమైతే, మాయమైందని తెలుస్తుంది.

నష్టం కొలవడంతో ఆమె ఆగలేదు. ఒక్కొక్క జాతి ఆకులో నీరెంత, మాంసకృత్తులెంత, పీచు ఎంత, ఫినాల్ పదార్థాలెంత, నూగు ఉన్నదా లేదా, ఆకు ఎంత గట్టిది, ఇవన్నీ చూశారు. ఫినాల్ పదార్థాలంటే కంగారు పడకండి. కరక్కాయ కొరికితే నోరు పట్టేసినట్టయ్యే వగరు ఉందే, ఆ వగరునిచ్చే టానిన్లు ఈ కోవలోనివే. చాలామంది శాస్త్రజ్ఞులు అప్పటివరకూ ఈ వగరే చెట్టు కవచమని అనుకొనేవారు. వగరు ఎక్కువ ఉన్న ఆకును పురుగు తక్కువ తినాలి గదా!

1983లో ప్రచురించిన ఫలితాలు వేరే మాట చెప్పాయి. ముదురాకుల్లో ఫినాల్ పదార్థాల మోతాదుకూ పురుగులు తిన్నదానికీ చెప్పుకోదగ్గ సంబంధం కనిపించలేదు. అన్నిటికన్నా గట్టి సంబంధం ఉన్నది ఆకు గట్టిదనానికి! దాని తరవాత పీచుకు, ఆ తరవాత ఆకులోని పోషక విలువకు. అంటే ముదురాకును కాపాడేది ప్రధానంగా విషం కాదు. దవడకు లొంగని బిరుసుతనం. నాకు ఈ ఫలితం చాలా ఇష్టం. ఎంతో గొప్ప రసాయన రహస్యం ఉంటుందని వెతుకుతూ పోతే, ‘నమలడం కష్టం’ అనే మామూలు జవాబు ఎదురొచ్చింది. అలాగని విషాలు పనికిరావని కాదు. చిటికెడు మోతాదులోనే పనిచేసే విషాలు అనేక చెట్లలో ఉన్నాయి. ఈ 46 జాతులను పోల్చి చూసినప్పుడు మాత్రం పెద్దపీట గట్టిదనానికే దక్కింది.

మరి ఆకు గట్టిదనాన్ని ఎలా కొలుస్తారు? ఇది మీ ప్రయోగశాలలో చేయదగ్గ పనే. రెండు చెక్క ముక్కలకు ఒకే చోట చిన్న రంధ్రం చేయండి. వాటి మధ్య ఆకును బిగించండి. మొన చదునుగా అరగదీసిన మేకును రంధ్రంలోంచి ఆకు మీద నిలబెట్టండి. మేకు తలమీద ఒక తేలికైన కప్పు అంటించి, అందులో కొంచెం కొంచెంగా ఇసుక పోయండి. ఎంత ఇసుక పడినప్పుడు మేకు ఆకును చీల్చుకొని దిగిందో ఆ ఇసుకను తూచండి. ఈనె మీద మాత్రం పెట్టకండి; రెండు ఈనెల మధ్య పెట్టండి. ఒకే చెట్టు చిగురాకుకూ ముదురాకుకూ ఈ కొలత తీసి చూస్తే తేడా మీకే తెలుస్తుంది.

ఆ తేడాలోనే అసలు కథ ఉంది. తొమ్మిదో తరగతికి ఈ పాఠం చెబుతుంటే ఒక అమ్మాయి లేచి, “మాస్టారూ, గట్టిదనం అంత మంచిదైతే ఆకు పుట్టుకతోనే గట్టిగా ఎందుకు పుట్టదు?” అని అడిగింది. అడగవలసిన ప్రశ్న అదే. మొగ్గలోంచి బయటికి వచ్చిన ఆకు నాలుగైదు మిల్లీమీటర్లు ఉంటుంది. అది అరచేయంత కావాలి. అందుకు దానిలోని కణాలు సాగాలి. కణం సాగాలంటే కణకవచం పలచగా, మెత్తగా ఉండాలి. ఆకు పూర్తి సైజుకు వచ్చాకే కణకవచాలు మందమవుతాయి, వాటిలో లిగ్నిన్ అనే బిరుసు పదార్థం చేరుతుంది. ఇటుక గోడ కట్టేశాక గదిని వెడల్పు చేయలేం గదా! పెరగడం, గట్టిపడటం రెండూ ఒకేసారి కుదరవు.

పైగా చిగురాకులో మాంసకృత్తులు, వాటితో పాటు నత్రజని ఎక్కువ. పురుగుకు కావలసిందీ అదే. దాని శరీరం మాంసకృత్తులతో కట్టినది. తినేదేమో పీచు, నీరు ఎక్కువగా ఉన్న ఆకు. అందుకే కిలోలకొద్దీ గడ్డిలో పిడికెడు గింజలు వెతుక్కొనే కోడిలా, నత్రజని ఎక్కడ ఎక్కువ ఉంటే అక్కడికి పోతుంది. గుడ్డులోంచి అప్పుడే వచ్చిన గొంగళి పురుగు దవడలు ఎంతుంటాయో ఊహించండి. ముదురాకు దానికి కొరుకుడు పడదు. కాబట్టి ఎన్నో సీతాకోకచిలుకలు, రెక్కల పురుగులు సరిగ్గా చిగుళ్లనే వెతికి గుడ్లు పెడతాయి.

కోలీ కొలతల్లో 70 శాతం జాతుల్లో ముదురాకుల కన్న లేతాకులకే నష్టం ఎక్కువ జరిగింది. తమాషా ఏమిటంటే లేతాకుల్లో ఫినాల్ పదార్థాలు ముదురాకుల్లో కన్న రెండు మూడు రెట్లు ఎక్కువ! మామిడి చిగురు నమిలి చూసినవారికి ఆ వగరు తెలుసు. గట్టిదనం అనే డాలు ఇంకా చేతికి రాని వయసులో, చెట్టు వగరుతోనైనా నెట్టుకురావాలని చూస్తుంది. అది చాలదు.

ఆ తరవాత అనేక దేశాల కొలతలను ఒక్కచోట చేర్చి 1996లో ఒక సమీక్ష వెలువడింది. సమశీతోష్ణ మండలపు ఆకురాల్చే చెట్లు ఏడాదికి తమ ఆకుల వైశాల్యంలో సుమారు 7 శాతం పోగొట్టుకొంటాయి. ఉష్ణమండలపు తడి అడవుల్లో నీడలో పెరిగే చెట్లకు పోయేది 11 శాతం. ఉష్ణమండలపు పొడి అడవుల్లో 14 శాతం. వీటికన్న ముఖ్యమైన సంగతి ఇంకొకటుంది. తడి అడవిలోని నీడచెట్లలో, ఒక ఆకుకు జీవితకాలంలో జరిగే నష్టంలో దాదాపు 70 శాతం అది లేతగా ఉన్నప్పుడే జరిగిపోతుంది.

ఈ అంకె ఎంత పెద్దదో చిన్న లెక్క వేసి చూద్దాం. ఒక ఆకు మూడేళ్లు బతుకుతుందనుకుందాం. నీడచెట్లలో అలాంటి ఆకులున్నాయి. అంటే 36 నెలలు. అందులో మొదటి నెల లేత వయసు అనుకుందాం. మొత్తం నష్టం 100 భాగాలైతే 70 భాగాలు ఆ ఒక్క నెలలోనే. మిగిలిన 30 భాగాలు 35 నెలల్లో, అంటే నెలకు ఒక భాగం కూడా లేదు. భాగించి చూడండి: లేతాకుకు నెలకు జరిగే నష్టం ముదురాకుకు జరిగేదానికి 80 రెట్ల పైమాటే. మన పెద్దవాళ్లు పసిపిల్లలకు బాలారిష్టాలుంటాయని అంటారు. ఆకుకూ ఉన్నాయన్నమాట!

మరి ఈ గండం గట్టెక్కడానికి చెట్లు ఏం చేస్తాయి? ఒక పద్ధతి తొందర. ఎంత త్వరగా పెరిగి గట్టిపడితే అంత త్వరగా గండం గడుస్తుంది. కొన్ని జాతుల లేతాకులు ఒక్క రోజులోనే రెట్టింపు వైశాల్యానికి పెరుగుతాయి. కాని ఈ పరుగుకు నత్రజని దండిగా కావాలి. నత్రజని ఉన్నచోటికే పురుగూ వస్తుంది!

రెండో పద్ధతి మీరు ఏటా చూస్తున్నదే, మామిడి చెట్టు పద్ధతి. మామిడి చిగురు రాగి రంగులో, ఎర్రగా, వాడిపోయినట్టు కిందికి వేలాడుతూ ఉంటుంది. ఉష్ణమండల అడవుల్లో తెల్లని, గులాబీ రంగు, ఎర్రని చిగుళ్లు వేసే చెట్లు చాలా ఉన్నాయి. ఈ ఆకులు తమ పత్రహరితాన్నీ, కిరణజన్య సంయోగక్రియకు కావలసిన మాంసకృత్తులనూ గట్టిపడేదాకా సమకూర్చుకోవు. కోలీ, ఆమెతో పనిచేసిన థామస్ కర్సర్ ఈ ‘ఆలస్యపు పచ్చదనాన్ని’ బాగా పరిశీలించారు. దొంగల భయం ఉన్న ఇంట్లోకి తలుపులు, తాళాలు బిగించాకే సామాను చేరవేసినట్టు ఉంటుంది ఇది. తలుపు పెట్టేలోపు దొంగ పడినా పోయేది తక్కువ. అయితే దీనికీ మూల్యం ఉంది. కొన్ని వారాలపాటు ఆ ఆకు చెట్టుకు పిండిపదార్థం సంపాదించి పెట్టదు. నీడలో బతికే చెట్టుకు ఎలాగూ వెలుతురు తక్కువ, సంపాదన తక్కువ. అక్కడ ఈ బేరం గిట్టుబాటవుతుంది. ఎర్రరంగునిచ్చే ఆంథోసయనిన్‌కు బూజును అడ్డుకొనే పని కూడా ఉండవచ్చని కోలీ అభిప్రాయపడ్డారు. దాని మీద చర్చ ఉంది.

మూడో పద్ధతి కాపలా. పనామాలో ‘ఇంగా’ అనే చెట్లున్నాయి, మన సీమచింత కుటుంబానివే. వాటి లేతాకుల మీద ఆకుజంటల మధ్య చిన్న గిన్నెల్లాంటి గ్రంథులుండి తేనె ఊరుతుంది. దానికోసం చీమలు వస్తాయి. వచ్చిన చీమ ఊరికే ఉంటుందా? కనబడిన పురుగునల్లా కరిచి తరుముతుంది. ఆకు ముదిరాక తేనె ఆగిపోతుంది, కాపలావాళ్లూ వెళ్లిపోతారు.

ఇంతవరకూ నీడచెట్ల సంగతి చెప్పాను. అన్ని చెట్లూ ఇలా జాగ్రత్తపరులు కావు. అడవిలో ఒక మహావృక్షం కూలిందనుకోండి. అడవి కప్పులో కన్నం పడి, ఎండ నేలదాకా దిగుతుంది. ఆ ఎండలో సర్రున పైకి లేచే జాతులు కొన్ని ఉన్నాయి. వీటిని ఎండచెట్లందాం. బారో కొలరాడోలో ఈ ఎండచెట్ల ముదురాకులను పురుగులు నీడచెట్ల ఆకుల కన్న ఆరు రెట్లు వేగంగా తిన్నాయి. ఇందాకటి సమీక్షలో ఎండచెట్లు ఏడాదికి పోగొట్టుకొనే ఆకు వైశాల్యం 48 శాతం! సగానికి సగం తినేస్తున్నా ఆ చెట్టు ఎదుగుతూనే ఉంటుంది. ఎందుకంటే దాని ఆకు పలచన, చవక. కొన్ని నెలలు పనిచేసి రాలిపోయేది. తాటాకు పందిరి వేసుకొన్నవాడు గాలికి ఎగిరిపోతే మళ్లీ వేసుకొంటాడు. రాతి మిద్దె కట్టుకొన్నవాడు మాత్రం దాన్ని తరాలపాటు నిలబెట్టుకోవాలి. నీడలో ఒక ఆకు తయారు చేయడానికి పట్టిన ఖర్చును తిరిగి సంపాదించడానికి చాలా కాలం పడుతుంది. అందుకే నీడచెట్టుకు ప్రతి ఆకూ విలువైనది. చెట్టుకు అందే వనరులను బట్టే అది రక్షణకు ఎంత ఖర్చు పెట్టాలో తేలుతుందని కోలీ, ఆమె సహచరులు 1985లో సూత్రీకరించారు.

ఇక పనామా నుంచి మన దక్షిణ భారతానికి వద్దాం. మన నల్లమల, ఆదిలాబాదు అడవులు బారో కొలరాడో లాంటి తడి అడవులు కావు. టేకు, నల్లమద్ది, చిరుమాను వంటి చెట్లుండే ఆకురాల్చే పొడి అడవులు. ఇక్కడ మీకొక వింత కనిపిస్తుంది. వానలు పడేది జూన్‌లో. కాని చాలా చెట్లు ఎండలు మండిపోయే మార్చి, ఏప్రిల్, మే నెలల్లోనే చిగురిస్తాయి. ఉగాది నాటికి చిగుళ్లని మనకు అలవాటై దీన్ని వింతగా అనుకోం గాని, నీటికి కటకటలాడే రోజుల్లో కొత్త ఆకులు వేయడం తెలివైన పనేనా?

ఇలాంటిదే మరొక అడవి తమిళనాడులోని ముదుమలై. బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థకు చెందిన కె.ఎస్. మురళి, రామన్ సుకుమార్ అక్కడ 1988 ఏప్రిల్ నుంచి 1990 ఆగస్టు వరకు చెట్ల చిగుళ్లనూ పురుగులనూ గమనించారు. చెట్లు ఎండకాలంలోనే చిగురించడం మొదలుపెట్టి, వానలు రాకముందే ముమ్మరంగా చిగురించాయి. ఆకులు తినే పురుగులు వానలతో పాటు బయటికి వచ్చి, వానకాలంలో విపరీతంగా పెరిగాయి. ముందుగానో, పదిమందితో పాటుగానో చిగురించిన చెట్లకు నష్టం తక్కువ. వెనకబడి, వానల్లో చిగురించిన చెట్లను పురుగులు ఎక్కువగా తిన్నాయి. చూశారా! పురుగు గుడ్డులోంచి వచ్చి నోరు తెరిచేసరికి ఆకు ముదిరి కూర్చోవాలి. లోతుకు పోయిన వేళ్లు, కాండంలో దాచుకొన్న నీరు ఆ సాహసానికి పెట్టుబడి. అందరితో కలిసి చిగురించడంలోనూ లాభం ఉంది: ఉన్న కొద్ది పురుగులు అన్ని చిగుళ్లను తినలేవు. వాళ్లు గమనించిన మరొక విషయం, అడవిలో ఏ జాతి చెట్లు ఎక్కువగా ఉంటే ఆ జాతి ఆకులకు నష్టం కూడా ఎక్కువ.

ఈ చివరి మాటను పట్టుకొని కేరళలోని నిలంబూరుకు పోదాం. అక్కడ 1840ల నుంచీ టేకు తోటలు పెంచుతున్నారు. మైళ్ల తరబడి ఒకే జాతి, ఒకే వయసు. టేకు చిగుళ్లను తినే గొంగళి పురుగు ఒకటుంది. శాస్త్రనామం హిబ్లేయా ప్యూరా. తొలకరికి ముందు పడే జల్లులతో దాని రెక్కల పురుగులు గుంపులుగా దిగి లేతాకుల మీద గుడ్లు పెడతాయి. కొద్ది రోజుల్లోనే తోట అంతా మోడుగా మారుతుంది. చెట్టు చావదు, మళ్లీ చిగురిస్తుంది. అందుకని చాలాకాలం దీన్ని పెద్ద నష్టంగా లెక్కించలేదు. కేరళ అటవీ పరిశోధన సంస్థలో కె.ఎస్.ఎస్. నాయర్, ఆయన సహచరులు చిన్న వయసు తోటలో కొన్ని చెట్లను పురుగు పడకుండా కాపాడి, తక్కిన వాటితో పోల్చి కొన్నేళ్లు కొలిచారు. పురుగు బారినపడిన చెట్లలో కలప పెరుగుదల 44 శాతం తగ్గింది! మళ్లీ వేసిన పచ్చని ఆకులు ఆ లోటును కంటికి కనబడకుండా కప్పేశాయి. ఈ పురుగును చంపే ఒక వైరస్‌ను అదే సంస్థ గుర్తించి, దాన్ని మందుగా చల్లే పద్ధతిని రూపొందించింది.

టేకు మీద ఇంకొక పురుగు కూడా ఉంది. అది వానలు వెనకబట్టాక ముదురాకుల మీద పడుతుంది. మెత్తని భాగం గీకి తిని ఈనెలన్నీ వదిలేస్తుంది. ఆకు జల్లెడలా, అల్లిన వలలా మిగులుతుంది. చలికాలం ముందు టేకు అడవి పక్కగా బస్సులో వెళ్లినవారు గోధుమ రంగుకు తిరిగిన అలాంటి ఆకులు చూసే ఉంటారు. ముదురాకు తినడానికి అలవాటుపడిన పురుగు సైతం పీచున్న ఈనె జోలికి పోలేదు, గమనించారా?

సరే, వచ్చే చిగుళ్ల కాలంలో మీరే ఒక పరిశీలన చేయండి. నలుగురైదుగురు కలిసి మామిడిగాని, కానుగగాని, టేకుగాని ఎంచుకోండి. అప్పుడే విచ్చుకొంటున్న ముప్పై చిగురాకులకు, పక్కనే ఉన్న ముప్పై ముదురాకులకు తొడిమల మీద రంగు దారాలు వదులుగా కట్టండి. బిగిస్తే ఆకు చచ్చిపోతుంది. వారానికొకసారి ట్రేసింగ్ కాగితం మీద ఆకు అంచునూ చిల్లులనూ గీసి, గ్రాఫు కాగితం మీద పెట్టి చదరాలు లెక్కపెట్టండి. ఆకును కోయనక్కరలేదు. ఇక్కడ ఒక కిటుకుంది. చిగురాకు మీద పడిన చిన్న చిల్లి ఆకుతో పాటే పెరుగుతుంది. నెల తరవాత రూపాయి బిళ్లంత కనిపించినా, పురుగు తిన్నది సెనగగింజంతే కావచ్చు. అందుకే చిల్లి వైశాల్యాన్ని అలాగే రాయకుండా, ఆకు మొత్తం వైశాల్యంలో అది ఎంత శాతమో రాయండి. కానుగ ఆకుల మీద బుడిపెలుంటే వాటిని ఈ లెక్కలో కలపకండి. అవి కంటికి ఆనని ఒక నల్లి జాతి జీవి పని. అది కీటకం కాదు.

దారం కట్టిన ఆకు ఒకటి కనబడకపోతే వెంటనే ‘రాలింది’ అని రాసేయకండి. అది ఉన్న చోటును దగ్గరగా చూడండి. తొడిమ ఊడిన చోట కొమ్మ మీద నున్నని మచ్చ ఉంటే రాలినట్టు. దారంతో పాటు తొడిమ ముక్క ఇంకా కొమ్మకే ఉంటే, మిగతాది ఎవరో తినేసినట్టు.